125 రోజులంటే 100 కంటే ఎక్కువే కదా అక్కా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌లలో ఎక్కువ ఉపాధి పని మీదే ఉన్నాయి, అందుకే పేజీల్లో పెద్ద భాగం దానికే ఇస్తున్నా. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: అక్కా, మాది నార్పల మండలంలో పల్లె. నేనూ మా ఆయనా ఉపాధి పనికి పోతాం. పాత చట్టం తీసేసినారంట, కొత్తదాంట్లో 125 దినాలంట. టీవీలో కొందరు మంచిదంటారు, కొందరు మోసమంటారు. 125 అంటే 100 కంటే ఎక్కువే కదా, మాకు లాభమా నష్టమా? (ఒక ఉపాధి కూలీ, అనంతపురం జిల్లా)

చెల్లీ, నువ్వు రాసింది నార్పల మండలం నుంచి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి దేశం మొత్తానికీ ఈ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మీ మండలంలోని బండ్లపల్లిలోనే. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నీ, 2009లో గాంధీ గారి పేరు పెట్టారు. అంతకుముందు మనకి తెలిసింది కరువు పనులు, పనికి ఆహారం పథకం. కరువొచ్చినప్పుడు ప్రభుత్వానికి మనసైతే పని పెట్టేది, లేకపోతే లేదు, పెట్టినా కాంట్రాక్టర్ మిషన్ పెట్టి తవ్వేసి మన వేలిముద్రలు వేసుకునేవాడు. మా అమ్మ పోయింది ఆ పనులకి, రెండు వారాల కూలి కోసం రెండు నెలలు ఆ కాంట్రాక్టర్ ఇంటి చుట్టూ తిరిగింది, నేను ఆమె వెనకాల నడిచిన దాన్నే.

2005 ఉపాధి హామీ చట్టం వచ్చాక మారింది ఏంటంటే, పని అడిగే హక్కు మన చేతికి వచ్చింది. నువ్వు అర్జీ పెట్టుకున్న 15 రోజుల్లో పని చూపించాలి, చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. కాంట్రాక్టర్లు ఉండకూడదు. పనిచేసేవాళ్ళలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి (ఇప్పుడు దేశం మొత్తం మీద సగానికి పైగా ఆడవాళ్ళే). ముఖ్యంగా ఎంతమంది అడిగితే అంతమందికి పని ఇవ్వాలి, దానికి తగ్గట్టు డబ్బు కేంద్రం పంపాలి. ఆచరణలో డబ్బులు ఆలస్యంగా వచ్చేవి, కోతలు పెట్టేవాళ్ళు, అదంతా నీకు నాకంటే బాగా తెలుసు, కానీ చట్టంలో రాసుంది కాబట్టి కోర్టుకెళ్ళి అడగడానికి, మండల ఆఫీసు ముందు కూర్చుని అడగడానికి ఒక ఆధారం ఉండేది.

ఇప్పుడు కొత్త చట్టం సంగతి. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు దాన్ని పాస్ చేసింది, డిసెంబర్ 21న రాష్ట్రపతి ఆమోదం కూడా అయిపోయింది. పూర్తి పేరు వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్), పొట్టిగా వీబీ జీ రామ్ జీ అని పిలుస్తున్నారు. రోజులు 100 నుంచి 125 చేశారు, అది నిజమే. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు రైతులకి కూలీలు దొరుకుతారని, అవినీతి తగ్గుతుందని ప్రభుత్వం చెప్తోంది. ఆ మాటలు విన్నాకే, చట్టం చదివాకే నా అభిప్రాయం చెప్తున్నా, ఇది మీకు నష్టం. ఎందుకో లెక్కతో చెప్తా.

పాత పద్ధతిలో కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది, సామాను ఖర్చులో ముప్పావు వంతు కేంద్రం, పావు వంతు రాష్ట్రం. వంద రూపాయల పనిలో 60 కూలికి, 40 సామానుకి అనుకో, కేంద్రం 60 ప్లస్ 30, అంటే 90 రూపాయలు పెట్టేది, రాష్ట్రం 10. కొత్త చట్టంలో మనలాంటి రాష్ట్రాలకి కేంద్రం 60, రాష్ట్రం 40. ఈశాన్య రాష్ట్రాలకి, హిమాలయ రాష్ట్రాలకి మాత్రం 90, 10. ఇప్పటిదాకా 10 పెట్టిన రాష్ట్రం 40 పెట్టాలంటే నాలుగింతలు. జీతాలకీ పెన్షన్లకీ నెల నెలా అప్పు తెచ్చుకునే రాష్ట్రాలు ఆ 40 ఎక్కడి నుంచి తెస్తాయి? తేలేకపోతే ఏం చేస్తాయి? పని అడిగినవాళ్ళకి 'ఇప్పుడు లేదు తర్వాత రండి' అంటాయి, అర్జీ తీసుకోవు, ఊళ్ళో ఉపాధి పని చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌కి పైనుంచి ఫోన్ వస్తుంది కొత్త మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) తెరవొద్దని.

ఇంకోటి దీనికంటే పెద్దది. ఇకమీదట ఏ రాష్ట్రానికి సంవత్సరానికి ఎంత డబ్బు అనేది కేంద్రమే ముందుగా తేల్చి చెప్తుంది, దాన్ని దాటితే ఆ ఖర్చంతా రాష్ట్రమే పెట్టుకోవాలి. ఇది చదివినప్పుడు నాకు కరోనా ఏడాది గుర్తొచ్చింది. 2020లో బడ్జెట్‌లో ఈ పథకానికి పెట్టింది 61,500 కోట్లు, లాక్‌డౌన్‌తో జనం నడుచుకుంటూ ఊళ్ళకి చేరాక మరో 40,000 కోట్లు కలిపారు, చివరికి ఆ సంవత్సరం ఖర్చు లక్షా 11 వేల కోట్లు దాటింది, ఏడున్నర కోట్ల కుటుంబాలు పనిచేశాయి. పాలమూరు నుంచి ముంబై పోయినవాళ్ళు, మీ వైపు నుంచి బెంగళూరు పోయినవాళ్ళు వెనక్కొచ్చి పలుగూ పారా పట్టుకుంటే పని దొరికింది. చట్టంలో పైకప్పు లేదు కాబట్టి దొరికింది. అలాంటి ఏడాది మళ్ళీ వస్తే, ముందే గీసిన గీత దగ్గర కేంద్రం ఆగిపోవచ్చు, చట్టమే దానికి దారి ఇచ్చింది.

125 అనే అంకె గురించి ఒక్క మాట. పాత 100 రోజులే సగటున ఒక కుటుంబానికి 50 రోజుల చుట్టుపక్కల దొరికేవి. మీ ఇంట్లో జాబ్ కార్డు తీసి చూడు, పోయినేడు ఎన్ని రోజులు పడ్డాయో. సగమే దొరికే చోట పై అంకె పెంచితే కాగితం మీద బాగుంటుంది, దొరికేది పెరగాలంటే డబ్బు పెరగాలి, అడిగే హక్కు గట్టిపడాలి, ఈ చట్టంలో ఆ రెండూ కనపడలేదు నాకు.

ఇక కొత్త చట్టం ప్రకారం విత్తనాలప్పుడు, కోతలప్పుడు ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపేయొచ్చు. నిజం చెప్పాలంటే మన వైపు ఉపాధి పని ఎక్కువ జరిగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకానే కాబట్టి మనకి దాని దెబ్బ కొన్ని చోట్ల తక్కువ తగలొచ్చు. కానీ కోత మిషన్లు వచ్చిన ఊళ్ళలో కోతల కాలం అంటే కూలీకి పని ఉన్న కాలం అని అర్థం కాదు. అక్కడ భూమిలేని ఆడమనిషికి పొలంలో పనీ లేక, ఉపాధి పనీ లేక రెండు నెలలు ఎలా గడవాలి? ఇవతల ఇంకో పని ఉంది అన్న ధైర్యం ఉంటేనే అవతల కూలి రేటు గట్టిగా అడగగలదు, ఆ ధైర్యాన్ని సరిగ్గా కూలి ఎక్కువ పలికే రోజుల్లో తీసేస్తున్నారు.

బెంగాల్‌లో ఏం జరిగిందో కూడా తెలుసుకో. అవినీతి జరిగిందని 2022 మార్చి నుంచి ఆ రాష్ట్రానికి ఉపాధి డబ్బులు కేంద్రం ఆపేసింది, మూడేళ్ళు దాటింది, చివరికి కలకత్తా హైకోర్టు 2025 ఆగస్టు 1 నుంచి పని మొదలుపెట్టమని చెప్పాల్సి వచ్చింది. దొంగతనం జరిగితే దొంగని పట్టుకోవాలి, జైల్లో వెయ్యాలి. లక్షల మంది కూలీలు చేసిన పనికి డబ్బులు ఆపడం ఏం న్యాయం? అసలు ఉపాధి పనిలో దొంగతనాన్ని ఎలా పట్టుకోవాలో దేశానికి నేర్పింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. సోషల్ ఆడిట్‌కి, అంటే పనుల లెక్కని జనం ముందే సరిచూడటానికి, విడిగా ఒక సంస్థ పెట్టి, ఊరూరా ఇల్లిల్లూ తిరిగి మస్టర్ చదివి వినిపించి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ అడిగించాం. ఒక ప్రజావేదికలో నేనున్నా, ఓ ముసలామె లేచి 'నేను ఆ వారం ఆస్పత్రిలో ఉన్నా, నా పేరు మీద సంతకం ఎవరు పెట్టినారు' అని అడిగితే ఆ స్టేజీ మీద ఆఫీసర్లకి నోట మాట రాలేదు. అవినీతికి మందు ఇలాంటిది, డబ్బు ఆపేయడం కాదు.

ప్రశ్న: ఫోన్‌లో ఫోటో దిగకపోతే ఆ రోజు కూలి పోతోంది. ఇదేం రూలు మేడం? (ఒక మేట్, అంటే కూలీల గుంపు పెద్ద, విజయనగరం జిల్లా)

కూలీల హాజరు తీసుకునే ఎన్ఎంఎంఎస్ యాప్‌లో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోటో పెట్టాలి అన్నది 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనులకీ తప్పనిసరి చేశారు. 2024 జనవరి నుంచి కూలి డబ్బు ఆధార్ లింకున్న పద్ధతిలోనే పడాలన్నారు. దొంగ మస్టర్లు ఆపడానికి అన్నారు, మరి 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ ఇచ్చింది యాప్‌లో ఫోటోని ఫోటో తీసి పెడుతున్నారని, సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని. మోసం చేసేవాడు దారి కనుక్కున్నాడు, సిగ్నల్ లేని కొండ మీద పొద్దుటి నుంచి గోతులు తవ్విన మనిషికి మాత్రం కూలి పోతోంది. 2022-23లో దేశం మొత్తంలో 5 కోట్ల మందికి పైగా కూలీల పేర్లు లిస్టుల్లోంచి తీసేశారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అందులో చనిపోయినవాళ్ళు, డబుల్ కార్డులు ఉంటాయి, కాదనను. కానీ నేను తిరిగిన ఊళ్ళలోనే ఆధార్‌లో ఒక స్పెల్లింగు, జాబ్ కార్డులో ఇంకో స్పెల్లింగు ఉన్నందుకు పేరు పోయినవాళ్ళని చూశా. మీరు చేయాల్సింది ఒకటి, యాప్ పనిచేయని రోజు ఎవరెవరు వచ్చారో పేపర్ మీద రాసి కూలీలందరి చేతా సంతకాలు పెట్టించుకోండి, దాని కాపీ ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి స్టాంపు వేయించుకోండి.

ప్రశ్న: అమ్మాయ్, మీరెప్పుడూ కూలీల వైపే రాస్తారు. మాకు ఐదెకరాలు, అందులో మూడు కౌలు. మిరపకాయ కోతకి కూలీ దొరకట్లేదు, దొరికినా రేటు అందట్లేదు. ఉపాధి పనికి పోయి చెట్టు కింద కూర్చుంటే డబ్బులొస్తుంటే మా పొలానికి ఎందుకొస్తారు? రైతు బాధ మీకు పట్టదా? (ఒక రైతు, పల్నాడు జిల్లా)

బాబాయ్, మీ బాధ పట్టకపోవడం ఏంటి, మిర్చి రేటు పడిపోయి యార్డులో బస్తాల మీద పడుకున్న రైతుల్ని చూశాక పట్టనిదెవరికి. ఖర్చు పెరిగింది, రేటు పెరగలేదు, మధ్యలో కౌలు ముందే కట్టేశారు. కూలి రేటు పెరిగిందన్నది నిజం. అది ఉపాధి పని వల్ల కొంత పెరిగిందన్నది కూడా నిజం, దాన్ని నేను దాచను, పైగా అది మంచి జరిగిందనే అంటా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి డబ్బుల్ని స్మార్ట్ కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, సుమారు కోటీ 90 లక్షల జనాభాలో దాని ఫలితాన్ని కొలిచారు. డబ్బు సరిగ్గా అందిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం బాగా పెరిగింది, ఆ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ఉపాధి డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చిన సంపాదన. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే బయట పని చేసే రోజులు తగ్గలేదు, పెరిగాయి. అంటే జనం సోమరులైపోయారు అన్న మాట ఆ లెక్కల్లో నిలబడలేదు. కూలి 100 ఉన్నప్పుడు మూడు కిలోమీటర్లు నడిచి రానామె 150 అయితే వస్తుంది, ఇది మనకి పుస్తకం చదవకుండానే తెలిసే సంగతి.

చెట్టు కింద కూర్చోవడం గురించి. ఉపాధి కూలి కొలతల మీద పడుతుంది బాబాయ్. ఇన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీస్తే ఇంత అని. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో రోజు కూలి 307 రూపాయలు, అది కూడా కొలత పూర్తయితేనే, ఎండాకాలం గట్టినేల అయితే చాలామందికి అందులో సగం, ముప్పావు పడుతుంది. మిర్చి కోతకి మీరిచ్చేది దానికంటే ఎక్కువే అయ్యుంటుంది, అందుకే సీజన్‌లో వాళ్ళు మీ పొలానికే వస్తారు. దొరకట్లేదంటే కారణాలు వేరే ఉన్నాయి, చదువుకున్న పిల్లలు ఊళ్ళో లేరు, మగవాళ్ళు టౌన్లకి బిల్డింగ్ పనులకి పోయారు, ఒకే వారంలో అందరి కాయా ఎర్రబడుతుంది.

అసలు మీకు గిట్టుబాటు కాకపోవడానికి కూలామెని ఎందుకు అడుగుతున్నారు? స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది, సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని. మొత్తం ఖర్చు, అంటే మీ సొంత భూమి కౌలు విలువ, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపిన లెక్క మీద అది ఇవ్వాలని రైతు సంఘాలు అడుగుతూనే ఉన్నాయి, ఏ ప్రభుత్వమూ దాన్ని చట్టం చెయ్యలేదు. మీ పంట మిర్చి అయితే మద్దతు ధరల లిస్టులోనే లేదు. కౌలు రైతుకి కార్డు ఇవ్వడానికి 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేశారు, భూమి ఓనర్ సంతకం పెడితేనే కార్డు అన్నారు, ఏ ఓనర్ పెడతాడు? మీ మూడెకరాల కౌలుకి బ్యాంకు లోను రాదు, పంట పోతే పరిహారం ఓనర్ అకౌంట్లో పడుతుంది. ఈ దెబ్బలన్నీ పైనుంచి తగులుతుంటే మీ కోపం కిందున్న మనిషి మీదకి మళ్ళుతోంది, అలా మళ్ళినందుకు పైవాళ్ళకి చాలా సౌకర్యం.

ఇంకోటి అడుగుతా. మీ ఊళ్ళో పంట కుంటలు ఎవరు తవ్వారు? చెరువులో పూడిక ఎవరు తీశారు? సన్నకారు రైతుల పొలాల్లో మామిడి, బత్తాయి మొక్కలకి గోతులు, నీళ్ళు పోయడానికి కూలి, ఇవన్నీ ఉపాధి డబ్బులే. సన్నకారు రైతు ఇంట్లో జాబ్ కార్డు ఉంటుంది, వేసవిలో ఆయనా పారపట్టి పోతాడు. రైతు వేరు కూలీ వేరు అని గీత గీయడం ఊళ్ళో కుదరదు, టీవీ డిబేట్‌లో కుదురుతుంది.

ప్రశ్న: మేడం, నేను హైదరాబాద్‌లో ఐటీ జాబ్. నెల నెలా టీడీఎస్ కట్ అవుతుంది, ఏం కొన్నా జీఎస్టీ. ఆ డబ్బంతా ఉచితాలకి పోతుంటే కడుపు మండదా? రోడ్లు మాత్రం గుంతలు. మాలాంటి వాళ్ళ గురించి ఎవరు మాట్లాడతారు?

తమ్ముడూ, నీ కోపం న్యాయమైందే. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనా తీసుకో, మనుషులు కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ 14 లక్షల 38 వేల కోట్లు, కంపెనీలు కట్టే కార్పొరేట్ ట్యాక్స్ 10 లక్షల 82 వేల కోట్లు. దేశంలో లాభాలు చేసుకునే కంపెనీలన్నీ కలిపి కట్టేదానికంటే నీలాంటి జీతగాళ్ళూ చిన్నా పెద్దా వ్యాపారులూ కట్టేది ఎక్కువ. ఇది ఎప్పుడూ ఇలా లేదు. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి, కొత్త ఫ్యాక్టరీలకి 15కి తగ్గించారు. దానివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్లు వదులుకుంటున్నామని అప్పుడు ఆర్థిక మంత్రే చెప్పారు. పెట్టుబడులు పెరుగుతాయి, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. నీ ఆఫీసులో ఈ ఐదారేళ్ళలో ఫ్రెషర్ ప్యాకేజీ ఎంత పెరిగిందో నీకే తెలుసు.

ఇప్పుడు పక్కన పెట్టి చూడు. ఉపాధి హామీకి 2025-26 బడ్జెట్‌లో పెట్టింది 86,000 కోట్లు. కంపెనీలకి ఒక్క ప్రకటనతో వదిలేసినదాంట్లో అది అరవై శాతం లోపే. దాన్ని మాత్రం ఉచితం అనం, ప్రోత్సాహకం అంటాం. ఎండలో మట్టి మోసిన మనిషికి ఇచ్చిన కూలిని ఉచితం అంటాం.

కోట్లకి కోట్లు ఆస్తి ఉన్నవాళ్ళ మీద వేసే సంపద పన్ను 2015 బడ్జెట్‌లో తీసేశారు. వారసత్వ ఆస్తి మీద పన్ను 1985లోనే పోయింది. వసూలు తక్కువ, ఖర్చు ఎక్కువ అన్నది అప్పటి వాదన, అది పూర్తిగా అబద్ధం కాదు, ఆ పన్నులు నిజంగానే సరిగ్గా రాసినవి కాదు. సరిగ్గా రాయాల్సింది, తీసేయాల్సింది కాదు అని నేననుకుంటా. నువ్వు నెల జీతం మీద ముందే కట్టాలి, అపార్ట్‌మెంట్ టవర్లు వారసత్వంగా వచ్చినవాడు ఆ వచ్చినదాని మీద పైసా కట్టక్కర్లేదు, ఇదెలా సరైంది?

జీఎస్టీ నువ్వే కాదు, నార్పల నుంచి రాసిన ఆ చెల్లి కూడా కడుతుంది, సబ్బు కొన్నా, ఫోన్ రీఛార్జ్ చేసినా. ఆమె సంపాదన మొత్తం ఖర్చయిపోతుంది కాబట్టి సంపాదనలో ఎక్కువ వంతు ఆమెదే పోతుంది. ట్యాక్స్ పేయర్ అంటే నువ్వొక్కడివే అని ఎవరో నీకు చెప్పారు, అది తప్పు. మీ ఇద్దరూ ఒక వైపే. రోడ్డు గుంతల గురించి ఇద్దరూ అడగండి, నేనూ వస్తా.

ప్రశ్న: ఫ్రీ బస్సు వల్ల మా ఆయన ఆటో కిరాయి సగం పడిపోయింది. నేనూ అదే బస్సులో పోతున్నా. ఏది కరెక్టో నాకే అర్థం కావట్లేదు. (ఒక గృహిణి, తూర్పు గోదావరి జిల్లా)

ఈ ఉత్తరం చదివి కాసేపు కూర్చుండిపోయా, ఎందుకంటే మీరు రాసినంత నిజాయితీగా ఎవరూ మాట్లాడట్లేదు దీని గురించి. ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు తమిళనాడు 2021లో మొదలుపెట్టింది, కర్ణాటక 2023 జూన్‌లో, తెలంగాణ 2023 డిసెంబర్ 9న, మన ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న. ఫ్రీ బస్సు వల్ల జరిగింది చాలా పెద్ద విషయం అని నేను నమ్ముతా. బయటికి పోవాలంటే మొగుడిని చార్జీ డబ్బులు అడగాల్సిన అవసరం పోయింది, దూరం కాలేజీ అని మానిపించిన పిల్లలు పోతున్నారు, పక్క టౌన్‌లో వెయ్యి ఎక్కువిచ్చే పనికి పోగలుగుతున్నారు. ఆడవాళ్ళు జాతరలకి తిరగడానికా ఉచితం అని అడిగేవాళ్ళకి నా జవాబు, అవును, జాతరకి పోవడానికి కూడా.

మీ ఆయన నష్టం కూడా అంతే నిజం. ఏడాదికి 15,000 ఆటో డ్రైవర్లకి ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, నెల లెక్కన చూస్తే 1,250, అది ఒక ఫైనాన్స్ కిస్తీలో పావు వంతుకి రాదు. మంచి పాలసీ చేసినప్పుడు దానివల్ల దెబ్బతినేవాళ్ళని ముందే లెక్కేసుకోవాలి. బస్సు పోని పల్లెలకి ఆటోల్ని ఆర్టీసీతో కాంట్రాక్ట్ పెట్టుకుని నడపొచ్చు, బస్టాండ్ నుంచి ఊరికి చివరి నాలుగు కిలోమీటర్లు వాళ్ళకి ఇవ్వొచ్చు, ఆటో లోన్ల వడ్డీ ప్రభుత్వం కట్టొచ్చు. ఆటో యూనియన్ వాళ్ళు బస్సు రద్దు చెయ్యమని కాకుండా ఇవి అడిగితే, బస్సెక్కే ఆడవాళ్ళందరూ వాళ్ళ ధర్నాలో కూర్చుంటారు, మీతో సహా.

ప్రశ్న: ముసలివాళ్ళ పెన్షన్‌లో కేంద్రం ఇచ్చేది ఎంత?

60 నుంచి 79 ఏళ్ళ మధ్య, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి నెలకి 200 రూపాయలు. 80 దాటితే 500. ఆ 200 అనేది 2006లో పెట్టిన అంకె, ఇప్పటికీ అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఇస్తున్న 4,000లో, తెలంగాణలో ఇచ్చే 2,016లో మిగతాది రాష్ట్రాలదే. ఉపాధి కూలి అయితే ధరల సూచీతో లింకు ఉంది కాబట్టి ఏటా ఎంతో కొంత కదిలింది. పెన్షన్‌కి అలాంటి లింకు లేదు, అడగడానికి చట్టమూ లేదు. అందుకే ఏది వచ్చినా చట్టంగా రావాలి అని నేను పదేపదే రాసేది.

ప్రశ్న: కులగణన అంటే సమాజాన్ని విడదీయడం కాదా? (డిగ్రీ స్టూడెంట్, వరంగల్)

విడిపోయి ఉన్నదాన్ని కొలవడం అది. దేశంలో అన్ని కులాల లెక్క చివరిసారి పూర్తిగా బయటికొచ్చింది 1931లో. 2011లో లెక్క తీసి కులాల అంకెలు బయటపెట్టలేదు. మీ తెలంగాణ 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే మొదలుపెట్టింది, బీసీలు ముస్లిం బీసీలతో కలిపి 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 అని తేలింది. కేంద్రం కూడా 2025 ఏప్రిల్ 30న జనగణనలో కులం లెక్క తీస్తామని ఒప్పుకుంది. నువ్వు ఒక పని చెయ్యి, మీ కాలేజీలో లెక్చరర్ల లిస్టు, స్వీపర్ల లిస్టు పక్కపక్కన పెట్టుకో, మీ జిల్లాలో భూమి ఎవరి చేతిలో ఎంత ఉందో పెద్దవాళ్ళని అడుగు. అంకెలు లేకపోతే ఈ తేడాని ఎవరైనా 'నీ ఊహ' అని కొట్టిపారేస్తారు. ఒకటి మాత్రం నిజం, లెక్క తీయగానే న్యాయం జరిగిపోదు. స్థానిక ఎన్నికల్లో 42 శాతం బీసీ రిజర్వేషన్ తెలంగాణలో కోర్టులో ఆగింది, అది లేకుండానే 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు అయిపోయాయి. రిజర్వేషన్లకి కోర్టులు పెట్టిన 50 శాతం పరిమితి దాటాలంటే ఢిల్లీలో రాజ్యాంగం మార్చాలి, అక్కడ ఎవరు ఏం మాట్లాడుతున్నారో గమనించు.

ప్రశ్న: మా ఊళ్ళో పని అడిగితే నోటితో లేదు పో అంటున్నారు. ఏం చెయ్యాలి? (ముగ్గురు ఆడకూలీలు, నారాయణపేట జిల్లా)

నోటితో అడగొద్దమ్మా. తెల్ల కాగితం మీద మీ ముగ్గురి పేర్లు, జాబ్ కార్డు నంబర్లు, ఏ తేదీ నుంచి ఎన్ని రోజులు పని కావాలో రాయండి, ఇంకా పదిమంది దొరికితే వాళ్ళవీ కలపండి. పంచాయతీ సెక్రటరీకి ఇచ్చి తేదీ వేసిన రశీదు అడగండి. రశీదు ఇవ్వనంటే అదే కాగితం ఎంపీడీవోకి రిజిస్టర్ పోస్ట్‌లో పంపి ఆ స్లిప్పు దాచుకోండి. ఆ తేదీ నుంచే 15 రోజుల లెక్క మొదలవుతుంది, నిరుద్యోగ భృతి అడగాలన్నా ఆ కాగితమే కావాలి, కొత్త చట్టంలో కూడా 15 రోజులు, భృతి అనేవి ఉంచారు. పదహారో రోజుకి పని రాకపోతే రశీదు ఫోటో తీసి నాకు పంపండి.